గాలి ఎక్కువైన ఇంజిను

సెంటినరీ కాలనీ దారిలో చిన్న ఎత్తు ఒకటి ఉంది. అక్కడ ముందున్న బొగ్గు టిప్పరును దాటడానికి సంపత్ మూడో గేరులో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు ఆ చప్పుడు విన్నాను. మంగలంలో పేలాలు వేయించేటప్పుడు ముందుగా నాలుగైదు గింజలు చిటచిటమంటాయి కదా, అలాంటి చప్పుడు. మిట్టమధ్యాహ్నం. ఏసీ నడుస్తోంది. నా పిల్లలిద్దరూ వెనక సీట్లో నా పక్కనే ఉన్నారు. చిన్నవాడు చింటు కిటికీ అద్దానికి మూతి ఆనించి, ఇంజిను ఈలతో పోటీపడి తనూ ఈల వేస్తున్నాడు.

"సంపత్, కాలు తియ్యి," అన్నాను.

"ఏంది వదినా, భయమైతుందా? గిప్పుడే దాటేస్త."

"భయం కాదు. కాలు తీసి టిప్పర్ ఎనుకకు రా. జల్ది."

సంపత్ మా ఆయన తమ్ముడు. నేను ఎప్పుడూ అలా మాట్లాడనని వాడికి తెలుసు. అద్దంలో నా ముఖం చూసి కాలు తీశాడు. కారు వెనక్కి తగ్గింది. ఎదురుగా ఇంకో టిప్పర్ వచ్చి, మా పక్క నుంచి దుమ్ము లేపుకుంటూ పోయింది. పిల్లలకు ఏమీ తెలియలేదు. చింటు ఈల ఆపలేదు.

నేను చేసిన పని గురించి రాద్దామనుకున్నప్పుడల్లా నాకు ముందుగా గుర్తొచ్చేది ఆ చప్పుడే. అందుకే దానితోనే మొదలుపెట్టాను.

ఎందుకు రాస్తున్నాను

రిటైరయ్యానంటే నా వయసు చూసి నవ్వుతారు. కానీ గోదావరిఖనిలో మా రాజమల్లు కాక షెడ్డు మూతపడింది, మా ఆయనకు నస్పూర్ వైపు బదిలీ అయింది, కొత్త రాష్ట్రం వచ్చింది. ఈ మూడూ దగ్గర దగ్గరగా జరిగాయి. నా పనికాలం అక్కడితో ముగిసిందనే అనుకుంటున్నాను. పిల్లలు పడుకున్నాక ఇది రాస్తున్నాను. క్వార్టర్ ముందు నుంచి ఏ బండి పోయినా చెవి అటే పోతుంది. ఆ అలవాటు పోదు.

మొన్న మా కాలనీలో ఒక అమ్మాయి వచ్చింది. మెకానికల్ చదివింది, కార్ల పనిలో చేరుతుందట. "అక్కా, ఆడోళ్లతోని అయితదా?" అని అడిగింది. అవుతుంది. దానికి ఒక్క మాట చాలు. కానీ ఆ పని ఏమిటో చెప్పడానికి ఒక్క మాట చాలదు. బోల్టు విప్పడం ఎవరైనా నేర్పుతారు. నేను చెప్పదలచుకున్నది వేరు.

మా కాక

రాజమల్లు కాక మా నాన్నకు వరుసకు తమ్ముడు. బొగ్గు కంపెనీ బండ్ల సెక్షన్‌లో ఫిట్టరుగా చేసి, ముందుగానే పని మానుకుని రోడ్డు పక్కన షెడ్డు వేసుకున్నాడు. కాంట్రాక్టర్ల జీపులు, ఉద్యోగుల కార్లు వచ్చేవి. కొత్త పెట్రోలు కార్లలో కార్బురేటర్లు పోయి కంప్యూటర్లు వచ్చాక ఆయనకు విసుగు పుట్టింది. వైర్లు, స్కానర్ పని చూసుకోమని నన్ను రమ్మన్నాడు. మొదటి రోజు నేను ఒక కారుకు స్కానర్ తగిలిస్తుంటే చుట్టూ ఉన్నవాళ్లతో అన్నాడు: "మా బీటెక్ బిడ్డ వచ్చింది. ఇగ మన బండ్లు ఇంగ్లీషుల దగ్గుతయ్."

ఆయన దగ్గర నేను నేర్చుకున్న మంచి అలవాటు ఎర్ర చుక్క. బిగించిన ప్రతి ముఖ్యమైన నట్టు మీద, దాని పక్కన ఇనుము మీద కలిసేలా ఒక పెయింటు చుక్క పెట్టేవాడు. నట్టు కదిలితే చుక్క విరిగిపోతుంది. మన తర్వాత ఎవరు చేయి పెట్టినా తెలిసిపోతుంది. మీరు ఎక్కడ చేరినా, మీ షెడ్డులో ఆ అలవాటు లేకపోతే మీరు మొదలుపెట్టండి. పెయింటు సీసా చిన్నది, గొడవలు చాలా తగ్గుతాయి.

ఆయన చెడ్డ అలవాటు కూడా చెప్పాలి. కారణం చెప్పేవాడు కాదు. "గిది ముట్టకు," అంటాడు. ఎందుకు కాకా అంటే, "కాలితే తెలుస్తది," అంటాడు. ఒక కాంట్రాక్టరు డ్రైవరుకు ఎయిర్ ఫిల్టర్‌ను టైరుకేసి కొట్టి దులపొద్దని ఎన్నోసార్లు చెప్పాడు. ఎందుకో ఒక్కసారీ చెప్పలేదు. మన రోడ్ల మీద బొగ్గు దుమ్ము ఎంతుంటుందో తెలిసిందే. ఆ డ్రైవరు పాపం శ్రద్ధగా రోజూ దులిపాడు. కాగితం ఫిల్టర్ మడతల్లో చిరిగింది. ఇంజిను ఆ దుమ్మునంతా మింగి, చివరికి డీజిలు కన్నా ఎక్కువగా ఆయిలు తాగే స్థితికి వచ్చింది. ఆ డ్రైవరును కాక నలుగురిలో తిట్టాడు. "దులిపితెనే శుభ్రమైతది గద, ఇంట్ల చాప గట్లనే దులుపుతం," అన్నాడతను. నాకు అతని మాటే న్యాయంగా తోచింది.

మనిషి తనకు తెలిసిన పనిని బట్టే తెలియని పనిని అర్థం చేసుకుంటాడు. ఈ సంగతి కాక ఎప్పుడూ పట్టించుకోలేదు.

ఈల కారు

సంపత్‌ది బొగ్గు బాయిలో ఫ్యాన్ల డ్యూటీ. భూమి లోపల పనిచేసేవాళ్లకు గాలి అందేలా ఫ్యాన్లు నడపడం, బెల్టులు మార్చడం, గాలి తక్కువైన చోట పెంచడం వాడి పని. పాత పెట్రోలు కారు ఒకటి కొనుక్కున్నాడు. ఇంజిను చిన్నది. నలుగురెక్కి ఏసీ వేస్తే ఎత్తు మీద మూలిగేది. మా పిల్లలు గోదావరిఖనిలో చదివేవారు. వాడికి షిఫ్టు వీలైనప్పుడల్లా దింపడం, తేవడం వాడే చేసేవాడు. టిప్పర్ల మధ్య ఆ మూలుగు వాడికి నచ్చేది కాదు.

తెలంగాణ కోసం బాయిలన్నీ బంద్ పెట్టిన సమ్మె రోజులవి. మీటింగు లేని పూట మగవాళ్లకు ఏం తోచేది కాదు. సంపత్ ఒక రోజు గోనెసంచిలో సామాను మోసుకొచ్చి షెడ్డులో దించాడు. హైదరాబాదులో తెలిసినవాడి దగ్గర సంపాదించిన చిన్న సూపర్‌చార్జర్ కిట్టు. కొత్తగా ఈ సరదా మొదలుపెట్టేవాళ్ల కోసం, ఇంజిను లోపల ఏదీ మార్చకుండా బయట బిగించుకునే రకం.

కాక దాన్ని కాలితో కదిపి చూశాడు. "మంచిగ నడుస్తున్న బండికి గిదేం రోగంరా?"

"రోగం కాదు కాకా, టానిక్."

"టానిక్ తాగినోడు నా షెడ్డుల పడిపోతే మోసేదెవరు?"

తెలియనివాళ్ల కోసం చెబుతాను. మామూలు ఇంజిను తనకు కావలసిన గాలిని తనే పీల్చుకుంటుంది. సూపర్‌చార్జర్ అనేది ఇంజిను బెల్టుతోనే తిరిగే ఒక పంపు. అది గాలిని నొక్కి లోపలికి తోస్తుంది. గాలి ఎక్కువ పోతే పెట్రోలూ ఎక్కువ మండించవచ్చు, బలం పెరుగుతుంది. చిక్కంతా ఇక్కడే. నొక్కిన గాలి వేడెక్కుతుంది. పెట్రోలు చిమ్మే ముక్కులు మాత్రం పాతవే, చిన్న ఇంజిను కోసం చేసినవే. అవి కొంత దాకానే చిమ్మగలవు. గాలి వేడిగా ఉండి, దానికి తగ్గ పెట్రోలు లేకపోతే, లోపల మంట పద్ధతిగా పాకదు. ఒక్కసారిగా పేలుతుంది. ఆ పేలుడు పిస్టన్ నెత్తిన సుత్తిలా కొడుతుంది. బయటికి పేలాల చప్పుడులా వినిపించేది అదే.

కాబట్టి ఎవరైనా మీ దగ్గరికి ఇలాంటి కిట్టు తెస్తే, దాన్ని చూసే ముందు ఇంజినును చూడండి. అన్ని సిలిండర్లలో కంప్రెషన్ సమంగా లేకపోతే, రేడియేటర్ అంతంతమాత్రంగా ఉంటే, మొహమాటపడకుండా వాపసు పంపండి. సంపత్ కారు ఇంజిను బాగుంది. అప్పుడే ఒప్పుకున్నాను. వేడిని తట్టుకునే ప్లగ్గులు వేశాను, నిప్పురవ్వ పడే సమయాన్ని కాస్త వెనక్కి జరిపాను, పెట్రోలు ఒత్తిడి పెంచే వాల్వును కిట్టుతో వచ్చిన పుల్లీకి సరిపోయేలా అమర్చాను. పుల్లీ అంటే బెల్టు తిప్పే చక్రం, అది ఎంత పెద్దదైతే గాలి అంత తక్కువ, ఎంత చిన్నదైతే అంత ఎక్కువ. "ఈ పుల్లీ మార్చొద్దు. పెట్రోలు లెక్క అంతా దీని మీదనే ఉంది," అని సంపత్‌కు చెప్పాను. సరేనన్నాడు. కాక పుల్లీ నట్టు మీద ఎర్ర చుక్క పెట్టాడు.

పెద్ద మార్పేమీ రాలేదు. ఇంతకుముందు ఖాళీ బండి ఎలా లాగేదో ఇప్పుడు నిండు బండి అలా లాగింది, అంతే. ఇలాంటి కిట్టు నుంచి అంతకన్నా ఆశించకూడదు. తొక్కినప్పుడు సన్నగా ఒక ఈల వచ్చేది. పిల్లలు దానికి ఈల కారు అని పేరు పెట్టారు. చలికాలమంతా ఏ ఇబ్బందీ లేకుండా నడిచింది.

ఎర్ర చుక్క

ఎండలు ముదిరాయి. రామగుండం ఎండ సంగతి ఈ వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు. ఒంటిపూట బడులు పెట్టారు. చలికాలంలో పొద్దు వాలాక ఇంటికొచ్చే పిల్లలు ఇప్పుడు సరిగ్గా మిట్టమధ్యాహ్నం వస్తున్నారు. ఆ రోజు కరెంటు లేక షెడ్డులో పని ఆగిపోయింది. నేనూ వాళ్లతో పాటు కారెక్కాను. మొదట చెప్పిన చప్పుడు విన్నది ఆ రోజే.

రోడ్డు పక్క వేపచెట్టు కింద ఆపించాను. బానెట్ ఎత్తాను. ఎర్ర చుక్క లేదు. పుల్లీ కొత్తది, మెరుస్తోంది, మేం పెట్టినదాని కన్నా స్పష్టంగా చిన్నది.

"ఎప్పుడు మార్చినవ్?"

"మొన్ననే వదినా. ఖనిల మా దోస్తు లేత్ మిషన్ మీద తీసిచ్చిండు. మంచిగనే గుంజుతుంది గద."

  పెద్దది శ్రావణి కిందికి దిగి, "అమ్మా, బండి ఖరాబైందా?" అని అడుగుతోంది. ఆ పిస్టన్ ఏ మలుపులోనో, టిప్పర్‌ను సగం దాటాకనో పగిలి ఉంటే ఏమయ్యేదో నా కళ్ల ముందు కనిపిస్తోంది. మంథని బస్సు వస్తుంటే చెయ్యెత్తి ఆపి పిల్లలతో ఎక్కాను. సంపత్‌ను మాత్రం గట్టిగా తొక్కకుండా కారును షెడ్డుకు తీసుకెళ్లమన్నాను. వాడు ఆ పూట రెండో షిఫ్టుకు నాగా పెట్టాడు.

ఇంటికెళ్లి మా ఆయనకు చెబితే ఆయన ఒక్కటే మాటన్నాడు: "ఇగ పిల్లలు ఆ బండి ఎక్కొద్దు. వాడు కూడ తోలద్దు." ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. కానీ సంపత్‌కు మా పిల్లలంటే ఎంత ఇష్టమో నాకు తెలుసు. ఆ మాట వాడికి చెప్పాల్సింది నేనే.

సీల్ గోడ

పొద్దు తిరిగాక పిల్లల్ని మా ఆయనకు అప్పగించి షెడ్డుకు వెళ్లాను. కాక అప్పటికే ప్లగ్గులు విప్పి వరసగా గుడ్డ మీద పెట్టాడు. వాటిలో రెండింటి తెల్లటి పింగాణీ మీద సన్నటి మెరుపు చుక్కలు ఉన్నాయి, ఉప్పు చల్లినట్టు. అవి పిస్టన్ నుంచి రాలిన అల్యూమినియం. కంప్రెషన్ చూశాం. ఇంకా బాగానే ఉంది. ఇంజిను మమ్మల్ని క్షమించింది.

కాక మాత్రం క్షమించలేదు. "బాయిల ఫ్యాన్లు తిప్పి తిప్పి నీ తలకాయలకు గాలెక్కిందిరా. ముట్టకు అంటే అర్థం కాదా?"

సంపత్ అప్పటిదాకా తల వంచుకుని ఉన్నాడు. అప్పుడు ఎత్తాడు.

"గాలి తక్కువైతే మనుషులు పడిపోయిండ్రు కాకా. ఎక్కువైతే ఎవరన్న పడిపోయిండ్రా? బాయిల ఎక్కడన్న ఊపిరాడకుంటే మేం ఏం చేస్తం? ఫ్యాన్ పుల్లీ మార్చి గాలి పెంచుతం. గదే పని చేసిన. పిల్లలు ఎక్కుతున్నరు, ఎండ కొడుతుంది, ఏసీ ఏస్తున్నం. ఇంజినుకు ఊపిరి సరిపోతలేదనుకున్న. టిప్పర్ల నడుమ బండి ఆగొద్దని చేసిన."



ఆ మాటతో నా లెక్క తప్పిందని తెలిసింది. మధ్యాహ్నం నుంచి వాడిది పోకిరితనం అనుకున్నాను, స్పీడు పిచ్చి అనుకున్నాను. వాడు పిల్లల క్షేమం కోసమే, తనకు బాగా తెలిసిన పద్ధతిలో చేశాడు. బాయిలో గాలి పెంచడం ఎప్పుడూ మంచే. ఆ ఊళ్లో ఎవరిని అడిగినా అదే చెబుతారు. ఇంకెక్కడి మనిషైనా పుల్లీ మార్చడానికి కాస్త భయపడేవాడు. ఫ్యాన్ల మనిషికి అది రోజూ చేసే సేవ.

పెట్రోలు లెక్క మళ్లీ చెబితే లాభం లేదు. ఒకసారి చెప్పాను, వాడు విన్నాడు, ఇలా అయింది. అందుకని వేరేగా అడిగాను.

"సంపత్, బొగ్గు లోపల్నే వేడెక్కి అంటుకున్న జాగను మీరు గోడ కట్టి మూస్తరు గద. సీల్ గోడ. దానికి పగులు వస్తే ఏం చేస్తరు?"

"ఉరికి పోయి మట్టి పూస్తం. సిమెంట్ కొడతం."

"గాలి లోపలికి పోతే మంచిదే గద. ఎందుకు పూసుడు?"

"అరే, లోపల మంటుంటే గాలి ఎట్ల ఇస్తం వదినా? గాలి పోతే..."

అక్కడ ఆగిపోయాడు. గుడ్డ మీది ప్లగ్గులు చూశాడు. ఒకటి చేతిలోకి తీసుకుని, బొటనవేలితో ఆ మెరుపు చుక్కల్ని రుద్దాడు. అవి పోలేదు.

"ఇంజినుల ఎప్పుడూ మంటే ఉంటది," అన్నాను. "మనుషులున్న జాగకు గాలి పంపే లెక్క వేరు. మంట ఉన్న జాగకు పంపే లెక్క వేరు. నీకు రెండూ వస్తయ్."

 వాడే లేచి స్పానర్ తీసుకుని బెల్టు వదులు చేయడం మొదలుపెట్టాడు. కాక మెల్లగా అన్నాడు: "అది ఉల్టా నట్టురా, కుడికి తిప్పితెనే ఊడుతది. బలం పెట్టకు, తెగితది." కాక ఎవరికైనా కారణంతో సహా చెప్పడం నేను వినడం అదే మొదలు.

పాత పుల్లీ మళ్లీ పెడదామా అని సంపత్ అడిగాడు. పెట్టొచ్చు. కిట్టులో తప్పు లేదు. చల్లటి ఊళ్లో, ఒక్క మనిషి సరదాకు తోలుకునే బండికైతే నేనే బిగించి ఇస్తాను. కానీ మన ఎండలో, నిండు బండిలో, టిప్పర్ల మధ్య అది మిగిల్చే జాగ్రత్త చాలా సన్నటిది. వద్దన్నాను. కిట్టంతా విప్పి, పాత గొట్టాలు బిగించి, కొత్త ప్లగ్గులు వేసి, పెట్రోలు ఒత్తిడి, నిప్పురవ్వ సమయం మళ్లీ కారు కంపెనీ పెట్టిన లెక్కకు తెచ్చాం.

ఆ తర్వాత నేను చేసింది మీరు తప్పక గుర్తుపెట్టుకోవాల్సింది. భయాన్ని మాటలతో తీర్చుకోవద్దు, బండితో తీర్చుకోవాలి. పిల్లలకు బదులు సంపత్‌ను, కాకను వెనక కూర్చోబెట్టాను. వాళ్లిద్దరి బరువు నా పిల్లల బరువుకు రెండింతలకు పైనే. ఏసీ వేసి, అదే దారిలో అదే ఎత్తు మీద నేనే తోలాను. మూడో గేరులో కాలు అడుగు దాకా తొక్కాను. బండి మూలిగింది, మెల్లగా ఎక్కింది. పేలాల చప్పుడు రాలేదు. తిరిగి వచ్చి మళ్లీ ఎక్కించాను. రాలేదు.

"వదినా, రేపు పిల్లలను బస్సుల పంపుతవా?" వెనక నుంచి సంపత్ అడిగాడు. అద్దంలో నా ముఖం చూడటం లేదు, కిటికీ బయటికి చూస్తున్నాడు.

ఇంజిను బాగుంది. మనిషికి విషయం అర్థమైంది. ఇక నా దగ్గర మిగిలింది వట్టి భయం. ఆ భయాన్ని వాడి మీద పెట్టడం న్యాయం కాదనిపించింది. "నువ్వే తోలు. పగటాల బడి ఇడిసినంక కూడ నువ్వే పట్టుకరా. పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ నేను ఎంబడి ఉంట," అన్నాను. మా ఆయన్ను ఒప్పించడం నా వంతు అయింది. విప్పిన పాత ప్లగ్గులు తీసుకెళ్లి చూపించాను, ఎత్తు మీద తోలిన సంగతి చెప్పాను. చాలాసేపు ప్లగ్గులే చూసి, సరేనన్నాడు.

పొద్దున

తెల్లారి స్నానాలయ్యాక పిల్లలు సంచులు తగిలించుకుని వాకిట్లో నిలబడ్డారు. కారు వచ్చి ఆగింది. ఎప్పుడూ హారన్ కొట్టి అల్లరి చేసే సంపత్ ఆ రోజు కొట్టలేదు, స్టీరింగు పట్టుకుని నా వైపు చూస్తున్నాడు. చింటు ఇంజిను దగ్గర చెవి పెట్టి విని, "ఈల ఏదమ్మా?" అని అడిగాడు.

నేను వెనక తలుపు తీసి పట్టుకున్నాను.

"ఇయ్యాల సంది బాబాయి బండి ఈల ఎయ్యది," అన్నాను. "ఎత్తు మీద నిమ్మళంగ పోతది. టిప్పర్ ముందట ఉంటే దాని ఎనుకనే పోతం, దుమ్ము వస్తే అద్దం ఎక్కియ్యండి. బాబాయిని జల్ది పో అని సతాయించొద్దు. ఈల కావాలంటే మీరే ఎయ్యాలె."